దగ్గరున్నవాడిదే తప్పు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా క్లబ్బులో గేటు దగ్గర కూర్చునే మనిషి నుంచి మేనేజరు గారి దాకా అందరికీ తెలుసు. నా లెక్క తప్పని ఎవరైనా రుజువు చేస్తే వింటాను. రుజువు లేకుండా గొంతు పెంచేవాళ్ళను చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. బాస్కెట్‌బాల్ వృత్తిగా ఆడే జట్టులో గణాంకాలు చూసే ఆడదానికి ఒళ్ళు మండే సందర్భాలు రోజుకు పది వస్తాయి, ఆట ఉన్న రోజు పన్నెండు.

నా గది ఆట జరిగే హాలు కింద, జట్టు బట్టలు ఉతికే గదికి ఆనుకుని ఉంటుంది. అవతల యంత్రం తిరిగినప్పుడల్లా నా బల్ల వణుకుతుంది, పెన్నులు దొర్లి కింద పడతాయి. కిటికీ లేదు. మూడు కంప్యూటర్ తెరలు, నాకొక కుర్చీ, వచ్చినవాళ్ళకు ఒక స్టూలు. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి. ఎవరూ ఎక్కువసేపు కూర్చుని బుర్ర తినకుండా ఉంటారని దాన్ని నేనే మార్పించలేదు.

హాలు పైకప్పుకు ఆరు కెమెరాలు ఉన్నాయి. ఆట నడుస్తున్నంతసేపూ పదిమంది ఆటగాళ్ళు ఎక్కడున్నారో, బంతి ఎక్కడుందో సెకనుకు ఇరవై ఐదుసార్లు నమోదు చేసి నాకు పంపుతాయి. బయటి ఊళ్ళలో ఆడితే అక్కడి కెమెరాలు పంపుతాయి. అంత సమాచారం ఉన్నా ఒక ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది. బంతి బాస్కెట్‌లో పడితే వేసినవాడి పేరు పక్కన రెండో మూడో రాస్తాం. పడకుండా ఆపినవాడి పేరు పక్కన ఏం రాయాలి?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో డిఫెన్స్ అంటే రెండే లెక్కలు ఉండేవి. బంతిని ఎన్నిసార్లు లాక్కున్నాడు, గాల్లో ఎన్నిసార్లు కొట్టి పడేశాడు. ఆ లెక్కన మా జట్టులో గద్దే మొనగాడు. అది అతని అసలు పేరు కాదు, అందరూ అలా పిలుస్తారంతే. అవతలివాడి చేతిలో బంతి కనిపిస్తే చాలు, దూకి తన్నుకుపోతాడు. జనం లేచి నిలబడి ఈలలు వేస్తారు. దూకినా అందక బోర్లా పడ్డ సందర్భాలు దానికి మూడింతలు ఉంటాయి. వాటికి ఎవరూ ఈల వేయరు, ఎవరూ రాసుకోరు.

అందుకని నేనొక నంబరు తయారుచేశాను. అవతలి ఆటగాడు బంతిని బాస్కెట్ వైపు వదిలిన క్షణంలో అతనికి అందరికంటే దగ్గరగా మనవాడెవడున్నాడో కెమెరా చెబుతుంది. ఆ బంతి బాధ్యత వాడిది. లోపల పడితే వాడి పేరు మీద ఎర్రచుక్క, పడకపోతే పచ్చచుక్క. వంద బంతులకు ఎన్ని ఎర్రచుక్కలో అదే వాడి నంబరు. తక్కువుంటే మంచి ఆటగాడు, ఎక్కువుంటే చెడ్డవాడు. ప్రతి ఆట మర్నాడు ఉదయం ఆ చుక్కల కాగితాన్ని ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది బయట బోర్డుకు గుచ్చడం మా ఆనవాయితీ అయిపోయింది.

మా కోచ్‌కు మొదటినుంచీ ఆ కాగితం నచ్చలేదు. ఆయన అరవై దాటిన మనిషి, మెడలో ఈల లేకపోతే బట్టలు కట్టుకోనట్టు సిగ్గుపడతాడు.

"ఏమ్మా, డిఫెన్స్ కళ్ళతో చూసి తెలుసుకోవాలి గానీ చుక్కలతోనా?" అన్నాడు.

"మీ కళ్ళు బంతి వెంట పోతాయి సార్. కెమెరా కళ్ళు ఎక్కడికీ పోవు," అన్నాను.

మేనేజరు గారికి మాత్రం నంబరు తెగ నచ్చింది. ఆయన ఎంత నమ్మారంటే, ఎద్దు ఈనిందని నా కాగితంలో ఉంటే దూడను గాటన కట్టేయమనేవారు. నాలుగేళ్ళలో ఆ నంబరు చూసి ముగ్గురిని తీసుకున్నాం, ఇద్దరిని పంపించేశాం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు నడిచిపోయింది.

ఈ ఏడాది గొడవ జిగురు గురించి వచ్చింది. అతనికి ముప్పై మూడేళ్ళు. ఒకసారి అవతలివాణ్ణి పట్టుకుంటే వదలడని ఆ పేరు పెట్టారు. నోట్లో నాలుక లేని మనిషి. పాయింట్లు పెద్దగా చేయడు, బంతులు లాక్కోడు, టీవీవాళ్ళు మైకు పెడితే "జట్టంతా బాగా ఆడింది" అని తప్పుకుంటాడు. ఈ సీజన్‌తో అతని ఒప్పందం అయిపోతుంది. ఇంకో రెండేళ్ళు ఉంచాలా, పంపేయాలా అన్నది చివరి ఆటకు ముందురోజు శనివారం తేల్చాలి. ఆ వయసులో పంపేస్తే ఇంకో క్లబ్బు తలుపు తీయదు. ఆ ముక్క అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

ముప్పై ఆటలు అయ్యేసరికి జిగురు నంబరు యాభై ఏడు. జట్టు సగటు నలభై ఆరు. జట్టు మొత్తంలో అందరికంటే చెడ్డ నంబరు అతనిదే. కోచ్ అతన్ని ఉంచాలన్నాడు. ఎందుకని అడిగితే "అతనుంటే నాకు ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. ధైర్యానికి యూనిట్ ఏమిటో చెప్పమన్నాను. మేనేజరు గారు పకపకా నవ్వారు, కోచ్ ఈల నలుపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడే జిగురు నా గదికి వచ్చాడు. పొట్టికాలు స్టూలు మీద అంత పొడుగు మనిషి మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు.

"అక్కా, నా చుక్కలు ఒకసారి చూపిస్తారా?"

చూపించాను. తెర మీద బాస్కెట్ చుట్టూ అతని ఎర్రచుక్కలు గుంపుగా ఉన్నాయి. అతను ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"ఇవన్నీ నావేనా?"

"నీవే. మూడు వందల బంతులు, నూట డెబ్భై ఒకటి లోపల పడ్డాయి. కావాలంటే ఒక్కొక్కటి వీడియోలో చూసుకో."

"అక్కర్లేదక్కా, అన్నీ గుర్తున్నాయి." వేలితో ఒక చుక్కను చూపిస్తూ అడిగాడు. "బంతి వదిలేటప్పుడు దగ్గర ఎవరుంటే వాళ్ళదేనా?"

"వాళ్ళదే."

"అంతకుముందు ఎవరున్నారన్నది...?"

"అంతకుముందు సంగతంటే అది చరిత్ర, లెక్క కాదు," అన్నాను. నా గొంతులో ఎంత గర్వం పలికిందో నాకిప్పటికీ వినిపిస్తుంది.

అతను ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. చెబితే ఆ మాట ఎవరి కాళ్ళ మీద పడుతుందో అతనికి తెలుసు, నాకు అప్పుడు తెలియదు.

"ఇవి తగ్గితే ఉంచుతారా అక్కా?"

"లెక్కకి మొహమాటం ఉండదు. తగ్గితే ఉంచమని నేనే చెప్తాను."

తలూపి లేచాడు. పోతూ పోతూ కింద దొర్లిన పెన్ను తీసి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

తర్వాత ఆరు ఆటల్లో జిగురు నంబరు ముప్పై తొమ్మిదికి దిగింది. జట్టులో అందరికంటే మంచిది అదే. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. మనిషికి తన లోపం అంకెల్లో చూపిస్తే దిద్దుకుంటాడని బోధపడిందా అని కోచ్‌కు వినపడేలా వరండాలో అన్నాను. కానీ ఆ ఆరు ఆటల్లో ఐదు ఓడిపోయాం. అంతకుముందు అవతలి జట్లు మా మీద సగటున డెబ్భై ఎనిమిది పాయింట్లు చేసేవి, ఇప్పుడు ఎనభై తొమ్మిది చేస్తున్నాయి. అది మిగతావాళ్ళ పుణ్యమేనని తేల్చేశాను. ఆడలేక మద్దెల ఓడు అంటారే, నేను మద్దెలను చూడకుండానే ఆడేవాళ్ళను తిట్టాను.

ఆరో ఆట గురువారం, బయటి ఊళ్ళో. నేను ఇంట్లో టీవీలో చూస్తున్నాను. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, ఎక్కడో పదో అంతస్తులో ఎవరో ఇరుక్కున్నారని సాయంత్రమే వెళ్ళాడు. సోఫాలో నా పక్కన మా మామయ్య ఉన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఎవరైనా ఇంటికొస్తే ముందుకు జరగమంటారు. నాకు ఉద్యోగం వచ్చాకే ఈ ఆట చూడడం మొదలుపెట్టారు, అయినా పుట్టినప్పటి నుంచీ చూస్తున్నంత దర్జాగా వ్యాఖ్యానిస్తారు.

"అమ్మాయ్, మీ జిగురుకి ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

"బ్రహ్మాండంగా ఉన్నాడు మామయ్యా. నంబరు ముప్పై తొమ్మిది."

"నీ నంబరు సంగతి నాకు తెలీదు గానీ, ఇదివరకు పక్కవాడు కాయాల్సిన మనిషి తప్పించుకుంటే ఇతనే పరిగెత్తేవాడు కదమ్మా. ఇప్పుడు చుట్టూ గీత గీసినట్టు తన చోటే నిలబడుతున్నాడు."

"తన పని తాను చేసుకుంటున్నాడు. అందులో తప్పేముంది?"

మామయ్య నవ్వారు. "తప్పేం లేదు. నేనూ చేశాను ఆ పని."

ఆటలో విరామం వచ్చింది. ఆయన టీవీ గొంతు తగ్గించి చెప్పారు. వాళ్ళ డిపోలో బస్సు ఆలస్యంగా చేరితే, చేరినప్పుడు దానిలో ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ళకి మెమో ఇచ్చేవారట.

"నాకు ముందు డ్యూటీవాడు దారిలో టీలకీ కబుర్లకీ గంట తగలేసి, సగం దారిలో బస్సు నా చేతిలో పెట్టి దిగిపోయేవాడు. నేనూ డ్రైవరూ కిందామీదా పడి పావుగంట కలుపుకొచ్చేవాళ్ళం. ముప్పావుగంట లేటుకి మెమో మాత్రం నాకే. కలుపుకొచ్చిన పావుగంట ఏ కాగితంలోనూ లేదు."

"చెప్పలేకపోయారా?"

"ఎవరితో చెప్పను? చెబితే వాడి పేరు చెప్పాలి. ఒకే గదిలో అన్నం తినేవాళ్ళం."

"మరేం చేశారు?"

"ఏం చేస్తాను, తెలివి తెచ్చుకున్నాను. బస్సు లేటని తెలిస్తే చాలు, కడుపునొప్పని కూర్చునేవాణ్ణి. మెమోలు ఆగిపోయాయి. ఆ ఏడాది నా రికార్డు బంగారం, పెద్దసారు పిలిచి భుజం తట్టాడు."

"మరి బస్సు?"

"బస్సుకేం, స్టాండులోనే ఉండేది. జనం ఎండలో నిలబడేవాళ్ళు," అన్నారు. ఈసారి నవ్వలేదు.

నాకు చెంప చెళ్ళుమన్నట్టయింది. టీవీలో ఆట మళ్ళీ మొదలైంది. గద్ద బంతి కోసం దూకాడు, అందలేదు. అతను కాపలా కాయాల్సిన మనిషి ఖాళీ దారిలో బాస్కెట్ వైపు పరిగెత్తాడు. జిగురు కాలు కదిపాడు. ఒక్క అడుగు వేసి ఆగాడు. చేతులు దించుకుని తన మనిషి పక్కనే నిలబడ్డాడు. బంతి సులువుగా లోపల పడింది. దగ్గర ఎవరూ లేరు కాబట్టి నా కాగితంలో ఆ ఎర్రచుక్క, ఎక్కడో ఆరడుగుల అవతల ఉన్న ఇంకెవడికో పోతుంది. జిగురుకు మాత్రం పోదు.

శుక్రవారం సెలవు పెట్టాను. ఉదయమే భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టాను. జిగురు పేరు మీదున్న మూడు వందల బంతులనూ, అతను తన మనిషిని వదిలి ఇంకొకరి మనిషి వైపు పరిగెత్తిన ప్రతి సందర్భాన్నీ ఏరి ఇవ్వమన్నాను. అది నిమిషాల్లో ఏరి ఇచ్చింది. ఇంత చిన్న ప్రశ్న నాలుగేళ్ళలో నేను దాన్ని అడగలేదు. కానీ ఎవరి మనిషి తప్పించుకున్నాడు అన్నది కళ్ళతో చూసే తేల్చాలి. మామయ్య కళ్ళజోడు తుడుచుకుని, పెన్సిలు చెక్కుకుని, కాగితం మీద రెండు నిలువు గడులు గీశారు. ఒకటి 'సొంత బస్సు', రెండోది 'ఎవరో ఇచ్చిన బస్సు'. ఆ పేర్లు నేను మార్చలేదు.

ఒక్కో వీడియో ముక్క పన్నెండు సెకన్లు. మొదటి గంటలోనే నాకు అర్థమైంది. మచ్చుకు ఒకటి చెప్తాను. గద్ద దూకుతాడు, పడతాడు. అతని మనిషి బాస్కెట్ కిందికి వచ్చేస్తాడు. జిగురు మూల నుంచి నాలుగు అంగల్లో వచ్చి చెయ్యి ఎత్తుతాడు. అవతలివాడు ఆ చెయ్యి మీదుగా ఎలాగో వేస్తాడు, పడుతుంది. ఎర్రచుక్క జిగురుది. గద్ద అప్పటికి పదహారు అడుగుల దూరంలో నిలబడి, త్వరగా రమ్మని మిగతావాళ్ళకు చప్పట్లు కొడుతుంటాడు.

"వీడు మా ముందు డ్యూటీవాడే," అన్నారు మామయ్య, రెండో గడిలో గీత గీస్తూ.

మధ్యాహ్నానికి ఆయనకొక అనుమానం వచ్చింది. "అమ్మాయ్, ఇందులో ఎవరూ బంతి వేయనే లేదు కదా. ఎందుకు చూపిస్తున్నావు?"

"జిగురు వచ్చేశాడు కాబట్టి వేయలేదు మామయ్యా. అవతలివాడు భయపడి బంతి వెనక్కి ఇచ్చేశాడు."

"మరి దీన్ని ఏ గడిలో వెయ్యను?"

వేయని బంతికి నా పద్ధతిలో చుక్కే లేదు, ఎర్రదీ లేదు, పచ్చదీ లేదు. ఆయన ఇంకో గడి గీసి పైన 'ఆగిన బస్సు' అని రాశారు. అది అన్నిటికంటే మంచి డిఫెన్స్ అని, నా కాగితానికి అసలు కనబడనిదీ అదేనని నాకప్పుడు తట్టింది. గణాంకాలు చదివి ఇరవై ఏళ్ళయింది నాకు.

సాయంత్రం నాలుగింటికి లెక్క తేలింది. జిగురు పేరు మీదున్న మూడు వందల బంతుల్లో అతని సొంత మనుషులు వేసినవి నూట పన్నెండే. వాటిలో నలభై మూడు లోపల పడ్డాయి. అంటే వందకు ముప్పై ఎనిమిది. మా లీగులో అంత బాగా కాసేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగిలిన నూట ఎనభై ఎనిమిదీ ఇంకొకరు వదిలేసిన మనుషులవి. వాటిలో నూట ఇరవై ఎనిమిది పడ్డాయి, వందకు అరవై ఎనిమిది. చూడ్డానికి ఘోరం. కానీ అలాంటి చోట ఎవరూ అడ్డు రాకపోతే ఎన్ని పడతాయో సీజన్ మొత్తం మీద తీశాను. వందకు ఎనభై ఆరు. అంటే పోయినట్టేనని అందరూ వదిలేసుకున్న బంతుల్లో ముప్పై నాలుగింటిని ఇతను ఆపాడు, దానికి బహుమానంగా నేను నూట ఇరవై ఎనిమిది ఎర్రచుక్కలు పెట్టాను. ఇక అతన్ని చూసి వేయకుండానే వెనక్కి ఇచ్చేసినవి నూట నలభై.

ఈ నూట ఎనభై ఎనిమిదీ ఆ నూట నలభై కలిపితే, ముప్పై ఆటల్లో ఇంకొకరి కోసం అతను తీసిన పరుగులు మూడు వందల ఇరవై ఎనిమిది. ఆటకు పదకొండు. అతను నా గదికి వచ్చి వెళ్ళాక, ఆరు ఆటల్లో కలిపి తొమ్మిది.

శనివారం పదకొండింటికి మేనేజరు గారి గదిలో ముగ్గురం కూర్చున్నాం. గోడ మీద పాత జట్ల ఫోటోలు, బల్ల మీద జిగురు ఒప్పందం కాగితాలు. మేనేజరు గారు మంచి హుషారుగా ఉన్నారు.

"ఇందులో మాట్లాడుకోవాల్సింది ఏముంది? ముప్పై తొమ్మిది. మనిషి మారాడు. ఉంచేద్దాం," అన్నారు.

"వద్దు," అన్నాడు కోచ్.

మేనేజరు గారు నోరు తెరిచారు. "మొన్నటిదాకా కావాలన్నది మీరే కదండీ?"

"మొన్నటి జిగురు కావాలన్నాను. ఇతను వేరు. తన మనిషి తప్ప ఇంకేం పట్టదు. జట్టు మునిగిపోతుంటే చూస్తూ నిలబడుతున్నాడు. ఇలాంటివాడు నాకెందుకు?" కోచ్ మెడలోని ఈల తీసి బల్ల మీద పెట్టేశాడు. నాలుగేళ్ళుగా అతనితో పనిచేసిన మనిషి, కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

ఇద్దరూ నావైపు తిరిగారు. నేను నోరు మూసుకుని ఉంటే మేనేజరు గారి మాటే నెగ్గుతుంది, జిగురు ఉంటాడు, నా నంబరూ ఉంటుంది. కర్ర విరగదు. కానీ ఇంకో రెండేళ్ళు అతను గీత దాటకుండా నిలబడి ఆడాలి, నేను దాన్ని మెచ్చుకుంటూ కాగితాలు గుచ్చాలి. అది నావల్ల కాదు.

"నంబరు తప్పు," అన్నాను.

"ఏ నంబరు?" అన్నారు మేనేజరు గారు.

"రెండూ. యాభై ఏడూ తప్పే, ముప్పై తొమ్మిదీ తప్పే. నియమం పెట్టింది నేను, తప్పూ నాదే."

మామయ్య పెన్సిలు గీతల కాగితం తీసి బల్ల మీద పరిచాను. గడుల పేర్లు చూసి మేనేజరు గారు కనుబొమలు ఎగరేశారు గానీ అడగలేదు. ఒక్కో అంకె వివరించాను. ఆరు ముక్కలు వీడియో చూపించాను. మూడో ముక్కకే కోచ్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"నేను నీకు మొదటినుంచీ చెప్తున్నది ఇదే కదమ్మా!"

"మీరు చెప్పింది ధైర్యంగా ఉంటుందని సార్. ఆ ధైర్యం విలువ ముప్పై నాలుగు బాస్కెట్లు, వేయకుండా ఆగిన నూట నలభై బంతులు. ఇది చెప్పుంటే ఆరోజే ఒప్పుకునేదాన్ని."

ఆయన పెద్దగా నవ్వాడు. తప్పు చేసి కూడా నీదే పైచెయ్యా అన్నాడు.

మేనేజరు గారికి నవ్వు రాలేదు. "దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, సీజన్ చివర్లో చెప్తున్నారేంటండీ? రేపు ఆఖరి ఆట ఉంది కదా. అందులో మళ్ళీ పాతలాగా పరిగెత్తితే సంతకం పెడతాను."

"పెట్టకండి," అన్నాను. "రేపు అతను పరిగెత్తినా ఓడిపోవచ్చు, నిలబడినా గెలవచ్చు. ఒక్క ఆటలో ఏదైనా జరుగుతుంది. నాలుగేళ్ళుగా మీకు నేను చెప్తున్న మొదటి పాఠం అది. మూడు వందల ఇరవై ఎనిమిది సార్లు పరిగెత్తిన మనిషిని ముప్పై రెండోదో ముప్పై మూడోదో ఒక ఆటతో పరీక్షిస్తారా? అతను ఆగింది నేను ఆపితే. ఉంచుతామని ముందు చెప్పండి. అప్పుడు పరుగు తనే వస్తుంది."

"ముప్పై ఏడోది," అన్నాడు కోచ్ మెల్లగా.

"ఏంటి సార్?"

"రేపటిది ముప్పై ఏడో ఆట. లెక్కలు నువ్వే కదా చూసేది?"

ముగ్గురం నవ్వాం. మేనేజరు గారు కాగితాలు ఇంకోసారి ముందుకూ వెనక్కూ తిప్పారు. ఈ కొత్త లెక్కను ఎంతవరకు నమ్మొచ్చని అడిగారు. పాతదానికంటే చాలా ఎక్కువ, కళ్ళు మూసుకుని నమ్మేంత మాత్రం కాదని చెప్పాను. నా నోట ఆ రెండో ముక్క ఆయన మొదటిసారి విన్నారు. పెన్ను తీసి రెండేళ్ళకు సంతకం పెట్టారు.

కబురు నేనే మోస్తానన్నాను. హాల్లో ఇంకా ఎవరూ రాలేదు. జిగురు ఒక్కడే నేల మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమని నేనూ పక్కనే నేల మీద కూలబడ్డాను.

"ఉంచుతున్నారు. రెండేళ్ళు. సంతకం అయిపోయింది," అన్నాను.

అతను కళ్ళు మూసుకున్నాడు.

"ముప్పై తొమ్మిది చూసేనా అక్కా?"

"కాదు. మూడు వందల ఇరవై ఎనిమిది చూసి. నువ్వు ఇతరుల కోసం పరిగెత్తినవి. నా లెక్క తప్పు. నువ్వు అడిగిన రోజే, అంతకుముందు ఎవరున్నారో చూసుండాల్సింది. చూడలేదు. క్షమించు."

అతను తాడు లాగి ముడి వేశాడు. విప్పాడు. మళ్ళీ వేశాడు. సంతోషపడతాడనుకున్నాను, ముఖంలో సంతోషం లేదు.

"ఈ ఆరింట్లో మూడో ఆట, ఆఖరి బంతి," అన్నాడు. "ఒక్క పాయింటు ముందున్నాం. గద్ద మనిషి తప్పించుకున్నాడు. నాకు రెండడుగులు. వెళ్తే అందేదక్కా, నాకు తెలుసు. బోర్డు మీద కాగితం గుర్తొచ్చింది. ఆగాను. ఓడిపోయాం. తర్వాత గద్ద నా దగ్గరికొచ్చి, 'తప్పు నాదే అన్నా, నువ్వేం చేస్తావులే' అన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను." తల ఎత్తాడు. "ఉంచుతారు, సరే. ఆ రెండడుగులు ఏ లెక్కలో వేస్తారు?"

నాకు జవాబు వెతుక్కోవలసిన పని లేకపోయింది.

"నా పేరు మీద వేస్తాను," అన్నాను. "ఆ ఆరు ఆటల్లో నువ్వు వెళ్ళకుండా ఆగిన ప్రతి బంతీ తీస్తాను. ఒక్కోదానికి ఒక్కో ఎర్రచుక్క, పైన నా పేరు. సోమవారం ఉదయం మీ అందరి కాగితం పక్కనే బోర్డుకు గుచ్చుతాను."

అతను నా ముఖంలోకి చూశాడు. నేను ఊరికే అనడం లేదని అర్థమైనట్టుంది.

"చాలా ఉంటాయక్కా," అన్నాడు.

"ఉండనీ. చూస్తారు. నవ్వుకుంటారు."

జిగురు లేచి, నన్ను లేపడానికి చెయ్యి అందించాడు.

"నవ్వరు," అన్నాడు. "నేను చెప్తాను వాళ్ళకి."